ఖాళీ డబ్బా చెప్పిన సాక్ష్యం

2007 జూన్. బాన్సువాడ బస్టాండుకు దగ్గర్లో, ఒక ఎరువుల దుకాణం పైన రెండు గదులు కిరాయికి తీసుకుని మా సంస్థ పనిచేసేది. ముందు గదిలో రెండు బెంచీలు, ఒక తూకం యంత్రం. వెనక గదిలో నా బల్ల, తలుపుకు లోపలి నుంచి గడియ. మా దగ్గరున్న సామానులో అన్నిటికన్నా పనికొచ్చింది ఆ గడియే. హెచ్.ఐ.వి.తో బతుకుతున్న పిల్లల్ని తీసుకొచ్చే పెద్దవాళ్ళు ఆ గడియ పడ్డాకే నోరు విప్పేవాళ్ళు.

నేను అక్కడ కౌన్సెలర్‌ని. మందులిచ్చేది మేం కాదు. నిజామాబాద్‌లో పెద్ద దవాఖానలో ఏఆర్‌టీ సెంటర్ ఉండేది. ఏఆర్‌టీ అంటే శరీరంలో ఆ వైరస్ పెరగకుండా అణచిపెట్టే మందులు. జబ్బు పూర్తిగా పోదు, కానీ మనిషి బతుకుతాడు, పనిచేస్తాడు, పిల్లలైతే పెరుగుతారు, బడికి పోతారు. షరతు ఒక్కటే. పొద్దున, సాయంత్రం, ఒకే వేళకు, పూర్తి మోతాదు పడాలి. దీన్నే మా భాషలో అడ్హెరెన్స్ అంటాం. అది సడలితే వైరస్ ఆ మందుకు అలవాటు పడిపోతుంది, ఆపైన అదే మందు ఎంత వేసినా పనిచేయదు. పిల్లలు మందు తప్పకుండా చూడటం, నెలకోసారి తూకం రాయడం, పెద్ద దవాఖానకు తోడు వెళ్ళడం, ఇదీ నా పని.

నా గురించి ఒక్క మాట చెప్పకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. ఈ ఉద్యోగానికి ముందు పదేళ్ళపాటు ఆదివారాలు మా హేతువాద మిత్రబృందంతో ఊళ్ళు తిరిగేవాణ్ణి. పసుపునీళ్ళలో సున్నం కలిపి రక్తం చేసి చూపేవాళ్ళం. తాయెత్తులు విప్పి లోపలి రాగిరేకు జనం ముందు పెట్టేవాళ్ళం. వాదంలో ఎదుటివాణ్ణి మూడో ప్రశ్నకు పడగొట్టడం నాకు బాగా అలవాటు. ఆ అలవాటునే కౌన్సెలింగ్ గదిలోకీ తెచ్చుకున్నాను.

సాయవ్వ (పేర్లన్నీ మార్చాను) నస్రుల్లాబాద్ అవతల ఒక పల్లె నుంచి వచ్చింది. బీడీలు చేసి బతికే మనిషి. కూర్చుంటే వేళ్ళు ఊరకే ఉండేవి కావు, చీర కొంగు అంచునే చుట్టేవి, విప్పేవి. వెంట ఎనిమిదేళ్ళ మనవరాలు రజిత. పిల్ల తండ్రి (సాయవ్వ పెద్దకొడుకు), తల్లి ఏడాది తేడాలో పోయారు. ఇప్పుడు అవ్వ, మనవరాలు చిన్నకొడుకు ఇంట్లో ఉంటున్నారు.

“కొడుకుకు, కోడలికి ఎరుకేనా?” అన్నాను.

“ఎరుక లేదు సారూ. ఎరుకైతే పిల్లను ఇంట్ల ఉండనియ్యరు. ఆ కోడలు మంచిదే. గని దానికీ ఇద్దరు పిల్లలున్నరు గద, భయపడ్తది. నన్ను పొమ్మంటె పోత, బీడీలు యాడనన్న చేసుకుంట. పిల్లను ఏడికి తీస్కపోవాలె?”

ముట్టుకుంటే, కలిసి తింటే రాదని నేను చెప్పాను. తనకు తెలుసంది. “నాకు తెలిసినంత మాత్రాన ఊరికి తెలుస్తదా?” అంది. ఆ పిల్లకు పంటి నొప్పి వస్తే, విషయం చెప్పిన పాపానికి ఒక చదువుకున్న డాక్టరు గడపలోంచే తిప్పి పంపాడని అప్పుడే విన్నాను. సాయవ్వ కోడలికేమో చదువు లేదు కాబట్టి భయపడుతుంది అనుకుందాం. అన్నేళ్ళు చదివిన ఆయన భయాన్ని ఏమనాలి? నిజామాబాద్ బస్సులో ఒక పెద్దమనిషి రజిత ఒంటి మీది పుండ్లు చూసి “ఏ జన్మల పాపమో” అన్నాడు. “ఈ జన్మల మందు అందకపోవుడు,” అన్నాను నేను. ఆయన కిటికీ వైపు తిరిగాడు.

మందు మొదలైంది. పిల్లలకిచ్చే మాత్రలు నీళ్ళలో వేస్తే కరిగిపోయేవి, తాగడం తేలిక. నెలకు సరిపడా ఒక డబ్బా. రజితకు మొదటిరోజే మూడు నియమాలు చెప్పాను: వేళ తప్పొద్దు, పూట తప్పొద్దు, ఎవరి కంటా పడొద్దు. “నాలుగోది?” అంది పిల్ల. “నాలుగోది లేదు.” “అయితే గివి అల్కగనే ఉన్నయి,” అంది.

జూన్‌లో పదిహేడు కిలోలుండే పిల్ల ఆగస్టుకు పంతొమ్మిదికి వచ్చింది. పుండ్లు మానాయి. మెట్లెక్కేటప్పుడు అవ్వ కంటే ముందే పైకి వచ్చి, ఆయాసపడుతున్న అవ్వను చూసి, “మందు నువ్వు గూడ తాగవే,” అని ఎగతాళి చేసేది.

ఆ ఆగస్టులోనే నేను చేయకూడని పని చేశాను. అది చేయకూడనిదని తెలియడానికి నాలుగు నెలలు పట్టింది.

నెలాఖరున తెచ్చిన ఖాళీ డబ్బాకు పసుపు రాసి ఉంది, మూత మీద కుంకుమ బొట్టు. ఎక్కడ పెడుతున్నావని అడిగాను.

“ఎల్లమ్మ సందూగల పెట్టిన సారూ, దేవుని పెట్టెల. మా అత్త కాలం నాటిది. బండారి పసుపు, దీపం చెంబు అండ్లనే ఉంటయి. నేను తప్ప ఎవ్వలు ముట్టరు. పొద్దుగాల దీపం ముట్టిచ్చి పిల్లకు మందు ఇస్త, మాపటికి దీపం ముట్టిచ్చి ఇస్త.”

నాకు తెలియకుండానే గొంతు పెరిగింది. ఇది తీర్థం కాదు, ప్రసాదం కాదు, మనుషులు ఏళ్ళ తరబడి కష్టపడి కనిపెట్టిన మందు అన్నాను. రేపు పిల్ల కోలుకుంటే ఎల్లమ్మ బాగుచేసిందంటావు, ఆ తర్వాత ఎల్లమ్మే ఉందిగా అని మందు మానేస్తావు, అలా మానేసి చచ్చిపోయినవాళ్ళని చూశాను అన్నాను. అందులో అబద్ధం లేదు, అలాంటివాళ్ళని చూశాను. కానీ వాళ్ళలో సాయవ్వ లేదు. చివరికి, “దేవుడి దగ్గర మందు పెట్టకు. ఇంకెక్కడైనా పెట్టు, ఎవరికీ కనపడకుండా,” అని తేల్చాను.

సాయవ్వ కొంగు చుట్టడం ఆపింది. “సరే సారూ. నువ్వు చెప్పినట్లే,” అంది.

సెప్టెంబర్‌లో డబ్బా శుభ్రంగా వచ్చింది. పసుపు లేదు, బొట్టు లేదు, మాత్ర లేదు. సభలో ఒక వాదం గెలిచినంత సంతోషం వేసింది నాకు. ‘అడ్హెరెన్స్ పూర్తి’ అని రాశాను.

అక్టోబర్‌లో రజిత తూకం పెరగలేదు. నవంబర్‌లో ఒక కిలో తగ్గింది. నోట్లో మళ్ళీ తెల్లపూత. టీబీ పరీక్ష చేయించాం, లేదన్నారు. డిసెంబర్‌లో సీడీ4 పరీక్ష. మనలోని రక్షణ కణాల లెక్క అది. మందు పనిచేస్తుంటే పెరగాలి. రజితకు మందు మొదలుపెట్టిన రోజుకన్నా కిందికి దిగింది.

ఏఆర్‌టీ సెంటర్ డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచింది. “మందు సరిగా పడుతుంటే ఇలా కాదు. పడుతున్నా ఇలా అయిందంటే మొదటి వరస మందులు ఫెయిలయినట్టే. రెండో వరస మందులు పిల్లలకు ఇక్కడ లేవు. హైదరాబాద్ పంపినా దొరుకుతాయని మాటివ్వలేను. ఒక నెల ఆగుతాను. ఏం జరుగుతోందో కనుక్కోండి.”

ఒక నెల. నా ఎదుటి బెంచీ మీద రజిత కాళ్ళు ఊపుతూ, గోడ మీది బోర్డులన్నీ కూడబలుక్కుని గట్టిగా చదువుతోంది. ఆ పిల్ల మెడలో నల్లదారం, దానికి తాయెత్తు కనిపించాయి. ఆగస్టులో అది లేదు.

నాకు జవాబు దొరికిపోయిందనుకున్నాను.

మర్నాడు బాన్సువాడలో, గడియ వేసి, సాయవ్వను అడిగాను. అడగడం కాదు, బోనులో నిలబెట్టాను.

“తాయెత్తు ఎవరు కట్టారు?”

“నేనే కట్టిచ్చిన సారూ.”

“కట్టినవాడు మందు మానెయ్యమన్నాడా? పసరేమన్న పోసిండా?”

“లేదు.”

“మరి పిల్ల ఎందుకిట్ల అయింది? మందు వేస్తే ఇట్ల కాదు. డబ్బా ఖాళీ చేసి నాకు చూపిస్తున్నవ్. మాత్రలు ఎక్కడ పారబోస్తున్నవ్?”

సాయవ్వ లేచి నిలబడింది. కళ్ళలో నీళ్ళు రాలేదు. నేను మరిచిపోలేనిది అదే.

“నా కొడుకును బొంద పెట్టిన, కోడల్ని బొంద పెట్టిన. దీని మందు పారబోస్తనా సారూ నేను? తాయెత్తు కట్టిన, నిజమే. మందు ఒక్క పూట తప్పలే. నమ్మవు గద? వచ్చి సూడు. నీ కండ్లతోని సూసినంకనే మాట్లాడు.”

రజిత అవ్వ చెయ్యి పట్టుకుంది. “అవ్వ అబద్ధమాడది సార్. బీడీల కట్టల ఒక్కటి తక్కువైనా మళ్ళ విప్పి లెక్కపెడ్తది,” అంది.

వచ్చి చూడు. చూశాకే మాట్లాడు. ఈ మాట పదేళ్ళు నేను జనానికి చెప్పిన మాట. దాన్ని నా మొహాన కొట్టి ఆవిడ మెట్లు దిగిపోయింది.

వెళ్ళాలంటే ఒక వేషం కావాలి. మా సంస్థ పేరు ఆ చుట్టుపక్కల కొందరికి తెలుసు. నేను ఆ గడప తొక్కితే చాలు, ఊరు సంగతి పసిగడుతుంది. మూడోరోజు సాయవ్వే కబురు పంపింది: బీడీ కార్మికుల గుర్తింపు కార్డుల సారులాగా రమ్మని, ఎనిమిది లోపల రమ్మని, ఆ వేళకు కొడుకు, కోడలు చెరుకు కొట్టబోతరని. చేతిలో ఒక రిజిస్టరు పట్టుకుని మొదటి బస్సుకు వెళ్ళాను.

ఒక్క గడపతో పోలేదు. కార్డుల సారు వచ్చాడనగానే వాడకట్టు ఆడవాళ్ళంతా చాటలు చంకన పెట్టుకుని చుట్టూ చేరారు. “సారూ, నా కార్డు మీద ఫోటో మా ఆడిబిడ్డది పడ్డది.” “దానిదే నయం సారూ, నా దాంట్ల నాకు తొంబై ఏండ్లు రాసిండ్రు.” “ఉంటయేమో తియ్యే!” అని ఇంకొకామె నవ్వింది. ఒకావిడ నా రిజిస్టరులోకి తొంగిచూసి, “గిది ఉత్త పేజీలే ఉన్నదేంది?” అంది. సాయవ్వ అడ్డం పడింది. “కొత్త బుక్కే అది. సారును చాయ్ తాగనియ్యిండ్రి, పోండ్రి.” వాళ్ళు గొణుక్కుంటూ వెళ్ళారు. అబద్ధం చెప్పి నిలబడటం ఎంత కష్టమో నాకు ఆ పావుగంటలో తెలిసింది. సాయవ్వ అది రోజంతా చేస్తోంది.

ఎనిమిదైంది. అరుగు మీద చాట ముందు కూర్చుని సాయవ్వ లోపలికి కేకేసింది. “రజితా, రాయే, ఆకు ఏరుదువు.”

బాబాయి పిల్లలతో ఆడుకుంటున్న రజిత వెంటనే వచ్చి కూర్చుంది. ఆకు ఏరడమంటే మందు తాగడమని వాళ్ళిద్దరి మధ్య ఒప్పందం. సాయవ్వ పక్కన తడి గోనెపట్టాలో చుట్టిన తునికాకు మోపు ఉంది. ఆకు ఎండితే పెళుసుబారి విరిగిపోతుంది, చుట్టరాదు. అందుకే బీడీలు చేసేవాళ్ళు దాన్ని నానబెట్టి, పగలూ రాత్రీ తడిపట్టాలోనే ఉంచుతారు. ఒకరి ఆకులో ఇంకొకరు చెయ్యి పెట్టరు. తరుగొస్తే మాటొస్తుందని అందరికీ భయం. అంతకన్నా పదిలమైన చోటు ఆ ఇంట్లో ఇంకోటి లేదు.

ఆ మోపు నడుమ నుంచి సాయవ్వ ఒక గుడ్డమూట తీసింది. విప్పింది.

మాత్రలు లేవు. మాత్రలుగా ఉండాల్సింది పసుపుపచ్చ ముద్దగా గుడ్డకు అంటుకుని ఉంది. సాయవ్వ బొటనవేలితో, చూపుడువేలితో కొంచెం గిల్లి, స్టీలు గ్లాసు నీళ్ళలో కలిపి పిల్లకిచ్చింది. రజిత గటగటా తాగి మూతి తుడుచుకుంది.

“ఎంత వేశావో ఎట్ల తెలుస్తది?” అన్నాను.

“ముప్పై ఏండ్లు సారూ, బీడీల తంబాకు గిట్లనే పోస్తున్న. నా వేళ్ళకు తూకం ఎరుక. నెలకు సరిగ్గ ముడుతది, కొత్త డబ్బా తెచ్చే దినానికే అయిపోతది.”

“డబ్బాలోంచి ఎందుకు తీశావవ్వా?”

“డబ్బా గలగలమంటది, కోడలు ఇంటది. సందూగల పెట్టకుమంటివి. ఎవలకు కనపడొద్దంటివి. ఆకుల కన్న ఎవలకు కనపడని జాగ ఏడున్నది?”

నీళ్ళలో కరగడానికే తయారుచేసిన మాత్రలవి. నాలుగు నెలలుగా ప్రతి డబ్బా మాత్రలూ తడిలో నానాయి. సగం గుడ్డకు పట్టింది, మిగిలిన సగంలో బలం ఎంత ఉందో ఎవరూ చెప్పలేరు. డబ్బా ఖాళీ అయిందంటే మందు పిల్ల కడుపులోకి పోయిందనే నేను రాసుకున్నాను. ఖాళీ డబ్బా ఒక్కటే చెబుతుంది, డబ్బాలో ఏమీ లేదని. మిగిలిందంతా నేను ఊహించుకున్నదే. సంచిలోంచి నా నోటుబుక్కు తీసి తూకాలు చూశాను. రజిత పెరిగింది మందు ఎల్లమ్మ సందూగలో ఉన్నన్నాళ్ళు. అది ఎల్లమ్మ మహిమ కాదు, సందూగ పొడిగా ఉంటుంది కాబట్టి. తగ్గింది నేను గొంతు చించుకున్న తర్వాత. తేదీలు పక్కపక్కనే ఉన్నాయి, అన్నీ నా చేతిరాతే.

“డబ్బాల చిన్న తెల్ల పొట్లం ఉండాలె. అదేం చేశావ్?”

“పారేసిన. అది ఏ రోగానికో తెల్వదు, పిల్ల తింటదేమోనని.”

అది తేమను పీల్చుకునే పొట్లం. దాని పని ఏమిటో నేను ఆవిడకు ఏనాడూ చెప్పలేదు. ఎల్లమ్మ లేదని మాత్రం పావుగంట చెప్పాను.

“తప్పు నాది అవ్వా,” అన్నాను. జరిగింది మొత్తం విడమరచి చెప్పాను. సాయవ్వ ఆ గుడ్డను మడిచింది, విప్పింది, మళ్ళీ మడిచింది. “నా చేతులతోని…” అని ఆగిపోయింది.

“నీ చేతులు నేను చెప్పిందే చేసినయి.”

కాసేపటికి తాయెత్తు సంగతి అడిగాను. ఈసారి నిజంగానే అడిగాను, తెలుసుకుందామని.

“పిల్ల నున్నగైంది గద సారూ అప్పుడు. వాడకట్టోళ్ళు ఊకుంటరా? ఏం మందు వెడుతున్నవే, ఏ దవాఖానకు పోతున్నవే అని ఒక్కటే అడుగుడు. తాయెత్తు కట్టిచ్చిన. తాయెత్తు గుణమిచ్చిందన్న. ఇగ ఎవ్వలు అడుగుతలేరు. తాయెత్తు ఉంటె మందు ఉన్నదని ఎవలకు అనుమానం రాదు.”

పదేళ్ళలో వందల తాయెత్తులు విప్పాను. ఒక తాయెత్తు ఏం పని చేస్తుందో చెప్పమని ఎవరినీ అడగలేదు. చెప్పినా వినేవాణ్ణి కాదేమో. ఆ ముసలామె మూఢనమ్మకాన్ని నమ్మలేదు. మూఢనమ్మకంలో ఉన్న ఊరికి అడ్డంగా దాన్నే తెరలాగా కట్టింది.

ఆ గుడ్డమూట కాగితంలో చుట్టుకుని ఆ రోజే నిజామాబాద్ వెళ్ళాను. డాక్టరమ్మ చూసి, “వైరస్ ఈ అరకొర మందుకు అలవాటు పడి ఉంటే ఇక చేసేదేం లేదు. పడకపోతే ఇదే మందు మళ్ళీ పనిచేస్తుంది. చూద్దాం,” అంది. కొత్త డబ్బా ఇచ్చింది. దాని పైన చప్పుడు కాకుండా ఇంత దూది కుక్కాను. తెల్ల పొట్లం అందులోనే ఉంచాలని సాయవ్వకు మూడుసార్లు చెప్పాను. ఎక్కడ పెడతావని అడిగాను. ఆవిడ నా మొహం వైపు చూసింది.

“సందూగలోనే పెట్టు,” అన్నాను.

“దీపం గూడ ముట్టియ్యొచ్చునా?”

“వేళకు ముట్టించు. ఎనిమిదికి.”

జనవరి, ఫిబ్రవరి కదలిక లేదు. ప్రతి తూకం ముందు నేనూ సాయవ్వా ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్ళం కాదు. మార్చిలో తూకం ముల్లు అరకిలో పైకి జరిగింది. రజిత దిగి, మళ్ళీ ఎక్కి చూసుకుంది. జూన్‌లో సీడీ4 రెట్టింపు దాటింది. అది నా గొప్ప కాదు, సాయవ్వ గొప్పా అనను. వైరస్ మాకు ఒక అవకాశం వదిలింది, అంతే. వదలని పిల్లలు కూడా నా నోటుబుక్కులో ఉన్నారు.

ఆ తర్వాత నేను ఎవరినీ “మందు వేస్తున్నారా?” అని అడగడం మానేశాను. “ఎట్ల వేస్తున్నారో చేసి చూపించండి” అంటాను. ఎక్కడ దాస్తున్నారో, ఎవరి నుంచి దాస్తున్నారో అడుగుతాను. దాచాల్సిన అవసరం ఎందుకొచ్చిందన్న ప్రశ్న ఆ పల్లెకు, ఆ పంటి డాక్టరుకు, మనందరికీ వేయాలి. ఆ వాదం నేను ఇప్పటికీ చేస్తాను, గొంతు పెంచే చేస్తాను. కానీ ఊరు మారేదాకా పిల్ల ఆగలేదు. ఈ రాత్రి ఎనిమిదికి మాత్ర పడాలి. హేతువాదమంటే ఎదుటివాడి నమ్మకాన్ని పరీక్షించడమే అనుకున్నాను ఇన్నాళ్ళూ. నా సలహాను నేను పరీక్షించుకోవాలని బీడీలు చేసే ఒక మనిషి నేర్పింది.

2009 ఎండాకాలం. రజిత అయిదో తరగతి పాసయింది. తూకం యంత్రం మీంచి దూకుతుంటే మెడలో దారం తెగి, తాయెత్తు బెంచీ కిందికి దొర్లిపోయింది. నేనే వంగి తీశాను. వేళ్ళ మధ్య ఉంది, విప్పితే క్షణం పని.

“అవ్వ చెప్పింది సార్, మీరు గిట్లాంటివి నమ్మరంట,” అంది రజిత.

“నమ్మను.”

“మరి?”

“ఇటు తిరుగు,” అన్నాను.

పిల్ల జడ పక్కకు తీసి మెడ వంచింది. తెగిన దారం రెండు కొసలూ కలిపాను. ముడి వేయడం చేతకాక రెండుసార్లు జారింది. బెంచీ మీంచి చూస్తున్న సాయవ్వ నవ్వింది. ఆవిడ నవ్వడం నేను చూసింది అదే మొదలు.

“జర గట్టిగ ముడెయ్యి సారూ. ఇంక శాన ఏండ్లు ఉండాలె.”